ఇరవై ఏడో నంబరు

మే 2, శుక్రవారం

ఈ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో నా భార్య హైమావతి చనిపోయింది. వయసు యాభై ఎనిమిది. ఆ సమయంలో ఇంటికి నెట్ లేదు. నెట్ లేని వేళ ఇంట్లో ప్రాణం పోతే, ఆ రోజు జరిగినదంతా ఇంటి యజమాని అదే రోజు లైను పుస్తకంలో రాయాలి. అందుకని రాస్తున్నాను.

ఉదయం నాలుగున్నరకు లేచాం. పలకలు తుడిచే వంతు మాది. గని పైకి, నేల మీదికి వెళ్లి పన్నెండు సోలార్ పలకలు తుడిచాను. దుమ్ము వేలి మందాన ఉంది. 5.50కి ఎండ గంట మోగాక పైన పని చేయకూడదు. ఆలోపు దిగి వచ్చేశాను. హైమ జొన్నరొట్టెలు చేసింది. పచ్చడిలో ఉప్పు చాల్లేదన్నాను. డాక్టరు తగ్గించమంది తనకు, కావాలంటే మీరు వేసుకోండి అంది. వేసుకున్నాను. తొమ్మిదికి కాలేజీకి వెళ్లి పన్నెండున్నరకు తిరిగి వచ్చాను. 1.15కి భోంచేశాం. ఒంటిగంటన్నరకు తను వెనక గదిలో పడుకుంది. నేను ముందు గదిలో రాసుకుంటున్నాను.

1.54కి గూట్లోని నెట్ పెట్టె మీద పచ్చ దీపం పసుపుగా మారింది. నెట్ పోయింది. 3.10కి మళ్లీ పచ్చగా మారింది. 3.16కి ఆరోగ్య గది నుంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టారు. హైమ ఛాతీ మీది గుండె బిళ్ళ నుంచి కబురు తమకు అప్పుడే అందిందన్నారు. వాళ్ల వెనకే గదిలోకి వెళ్లాను. ప్రాణం పోయి యాభై నిమిషాలు దాటిందని చెప్పారు.

బిళ్ళ ఇంట్లో మోగదు. రోగి బెదరకూడదని అలా చేశారు. అది పెట్టె ద్వారా ఆరోగ్య గదికే చెబుతుంది. కబురు అందితే ఆరు నిమిషాల్లో మనిషి వస్తాడు. ఈ రోజు కూడా ఆరు నిమిషాల్లోనే వచ్చారు.

మా వరసలోని లైను డబ్బా మూత మధ్యాహ్నం తీసి ఉంది. లైన్‌మన్ మద్దిలేటి అక్కడ పని చేశాడు. ఏప్రిల్‌లో మూడుసార్లు మా నెట్ ఇలాగే మధ్యాహ్నం పూట పోయింది. మూడుసార్లు ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ అతను మరుసటి ఉదయం వచ్చి లైను బాగుందనే చెప్పి వెళ్లాడు.

శేషఫణి, నాలుగో వరస, పదహారో ఇల్లు.

మే 5

నిన్న తెల్లవారుజామున పైన దహనం జరిగింది. మాకు పిల్లలు లేరు. నిప్పు నేనే పెట్టాను.

లైను శాఖ విచారణాధికారి వచ్చి నా వాంగ్మూలం రాసుకుంది. 2వ తేదీన రాసిన నాలుగో ఫిర్యాదును ఆమెకు ఇచ్చాను. మద్దిలేటిని పని నుంచి ఆపారు. విచారణ 21న ఉదయం ఏడు గంటలకు. అంతవరకు మా ఇంటి నెట్ ఎప్పుడు పోయిందీ, ఎప్పుడు వచ్చిందీ రోజూ రాయమంది. తప్పు మద్దిలేటిదని తేలితే కొలువు పోతుంది, దాంతోపాటు తొమ్మిదో వరసలోని ఇల్లు కూడా. పైన రేకుల షెడ్లలో ఉండాలి. అది శాఖ నియమం, నేను పెట్టింది కాదు.

ఆరోగ్య గది నుంచి మనిషి వచ్చి గుండె బిళ్ళ అడిగింది. మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలట. హడావిడిలో ఎక్కడ పడిపోయిందో దొరకలేదని చెప్పాను.

పోయింది 2.02. వచ్చింది 3.25.

మే 7

మద్దిలేటి స్థానంలో ఈరమ్మ అనే ఆమెను వేశారు. లైను డబ్బాలో మా తీగకు కొత్త ముడి వేసింది. డబ్బా నుంచి మా గుమ్మం దాకా కొత్త తీగ లాగింది. ఉదయం పదకొండుకు పని అయిపోయింది. పచ్చ.

మధ్యాహ్నం 1.58కి పసుపు.

ఈరమ్మను పిలిపించాను. ఆమె తన మీటరు పెట్టి చూసి, బయట లైను బంగారంలాగుందని, లోపలి సంగతి తన పని కాదని చెప్పింది. పెట్టె వైపు చూసింది. నేను కాలేజీలో లైన్‌మన్లకు పాఠం చెప్పేవాణ్ణని ఆమెకు తెలుసు. మీటరు సర్దుకుని వెళ్లిపోయింది.

వచ్చింది 3.30.

మే 9

పోయింది 1.50. వచ్చింది 3.40. మాది పైనుంచి నాలుగో వరసే. ఒంటిగంట దాటితే పైకప్పు రాయి కాగుతుంది. వేడికి తీగ సాగి ముడి వదులవుతోందేమో. మద్దిలేటి నాసిరకం తీగ వాడి ఉంటాడు. కొత్త తీగ కూడా అదే గోదాము నుంచి వచ్చింది కదా. విచారణాధికారికి రాశాను.

పక్కింటి ఖాసింబీ జొన్న అన్నం, పప్పు తెచ్చి పెట్టింది. హైమ, ఆమె గోడకు అటూ ఇటూ కూర్చుని బియ్యం ఏరుకుంటూ పందొమ్మిదేళ్లు మాట్లాడుకున్నారు. మేం దిగింది కూడా ఒకే రోజు. పైన ఎండకు బతకలేక దిగిన ఈ నాపరాళ్ల గనిలో అప్పటికి నాలుగు వరసలే తొలిచారు. నేను తిన్నది చూసి గిన్నె తీసుకుని, ఎంగిలి పడితే తినడం అనరు సార్ అని వెళ్లింది.

మే 11

మద్దిలేటి వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అమ్మ ఉన్నెప్పుడు ఎప్పుడొచ్చినా నన్ను ఊరికే పంపలే సార్. మజ్జిగ తాగి పో మద్దిలేటీ అంటుండె. ఆమెకు నేను కీడు జేస్తానా?"

డబ్బా మూత సంగతి అడిగాను.

"ఆ పొద్దు డబ్బా మూత తీసింది నిజమే. పదిహేడో ఇంటికి లైను ఇయ్యనీకె తీసినా. మీ తీగ ముట్టుకోలే."

ముట్టుకోకపోతే నెట్ ఎలా పోయిందని అడిగాను.

"అది నాకూ తెలీదు. ఒగ మాట అంటా, కోపం చేసుకోవద్దండి. క్లాసులో మీరే చెప్పినారు గదా. దగ్గర కొస నుంచి మొదలుపెట్టు, పెట్టె కాడ నుంచి వీధికి రా, వీధి నుంచి పెట్టెకు పోవద్దు అని. ఇంట్లో ఒగసారి చూసుకున్యారా సార్?"

"నువ్వు నాకు పాఠం చెబుతావా?"

"నేనెంత సార్. మీ పాఠమే మీకు అప్పజెప్తాండా."

చెప్పులు వేసుకున్నాడు. తన తల్లికి డెబ్బై నాలుగేళ్లని, రేకుల కింద ఒక్క ఎండాకాలం కూడా అని మొదలుపెట్టి ఆపేశాడు. బతిమాలలేదు. బెదిరించలేదు. ఆ సంగతి కూడా రాసి పెడుతున్నాను.

పోయింది 1.47. వచ్చింది 3.38.

మే 12

హైమ దినం. హైమ చెల్లెలు, ఆమె భర్త వచ్చారు. వెనక గదిలో ఫొటో పెట్టి దీపం వెలిగించారు. కూలరు గాలికి దీపం రెండుసార్లు ఆరింది. హైమ చెల్లెలు లేచి కూలరు స్విచ్ కట్టేసింది. ఉక్కలోనే అందరూ భోంచేశారు.

భోజనాలయ్యాక ముందు గదిలోకి వచ్చి పెట్టె చూశాను, పచ్చ. ఈ రోజు నెట్ పోలేదు.

మే 14

నిన్న పోలేదు. ఈ రోజు పోలేదు. మూడు రోజులుగా పచ్చ దీపమే. ఈరమ్మ వేసిన ముడి కుదురుకున్నట్టుంది. మద్దిలేటి పోయాక లోపం పోయిందనే సంగతి విచారణాధికారికి రాసి పంపాను. ఇది ముఖ్యమైన సాక్ష్యమని ఆమె జవాబు ఇచ్చింది.

దీపంలో నూనె పోస్తున్నాను. కూలరు వేయలేదు.

మే 15

ఖాసింబీ హైమ చీరల కోసం వచ్చింది. రెండు చీరలు ఆమెకివ్వమని హైమ ఎప్పుడో అంది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఆమె వెనక గదిలోకి వెళ్లి, వెళ్లిన కాళ్లతోనే బయటికి వచ్చింది.

"ఏంది సార్ ఇది, అక్క గది కుంపటి చేసి పెట్టినారు? చనిపోయినామె ఫొటోకు గూడా చెమటలు పట్టిస్తారా?"

దీపం ఆరుతుందని చెప్పాను.

"దీపం ముందర పళ్లెం అడ్డం పెడితే ఆరదు. మీకు చదువు ఎక్కువై అది తోచలే."

పళ్లెం అడ్డం పెట్టింది. కూలరు స్విచ్ వేసింది. నేను ముందు గదిలో, పెట్టెకు ఎదురుగా నిలబడి ఉన్నాను. దీపం పసుపుగా మారింది.

1.57.

ఇది యాదృచ్ఛికం కావచ్చు.

మే 16

కాదు.

గది వేడితో పని లేకుండా నేరుగా తిరిగేలా పెట్టి, ఉదయం పది నుంచి పన్నెండు వరకు ఐదుసార్లు కూలరు వేసి తీశాను. వేసిన నిమిషం లోపే ఐదుసార్లూ పసుపు. తీసిన రెండు నిమిషాలకు ఐదుసార్లూ పచ్చ. మిగతావన్నీ తీసేసి చూశాను. నీళ్ల మీటరు, తలుపు గంట, నా తెర పలక, వంటింటి పొయ్యి. వాటితో ఏ మార్పూ లేదు. వీధి తీగ పీకేసి చూసినా పెట్టె లోపల అదే గొడవ కనిపిస్తోంది. లోపం ఇంట్లోనే ఉంది. వీధిలో లేదు.

మామూలుగా కూలరు, గది వేడి ముప్పై నాలుగు దాటితే దానంతటదే తిరుగుతుంది, తగ్గితే ఆగుతుంది. రోజూ రెండు గంటలకు నెట్ పోయి మూడున్నరకు ఎందుకు వస్తోందో తెలిసింది. మద్దిలేటి వచ్చినవన్నీ చల్లటి ఉదయాలు. అతనికి ఏమీ కనిపించకపోవడం సహజం.

ఇది రాస్తున్నప్పుడు కాస్త తేలికగా అనిపించింది. తప్పు కూలరు చేసినవాళ్లదని అనుకున్నాను. విచారణాధికారికి అలాగే రాయడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక ఆపాను. కూలరు పాడైతే కూలరే ఆగాలి. పెట్టె వీధి లైనుకు తలుపు ఎందుకు మూసుకుంటుంది?

పెట్టె అలా మూసుకునేది ఒక్క సందర్భంలోనే. ఇంట్లో రెండు వస్తువులు ఒకే నెట్ నంబరు చెప్పుకుంటే, వాటిలో ఒకటి దొంగదని అనుకుంటుంది. గొడవ తేలేదాకా ఎవరినీ బయటికి పోనివ్వదు. ఈ సంగతి నేను మొదటి నెలలోనే పాఠం చెబుతాను.

మే 17

ఈ పుస్తకంలో కొట్టివేతలు చెల్లవు. రాసింది తప్పైతే కింద మళ్లీ రాసి సంతకం పెట్టాలి. కాబట్టి రాస్తున్నాను.

మే 5న గుండె బిళ్ళ దొరకలేదని చెప్పడం అబద్ధం. అది బీరువా సొరుగులో, హైమ చేతిరుమాళ్ల కింద ఉంది. ఆరోగ్య గది మనుషులు గదిలో ఉండగానే తీసి జేబులో వేసుకున్నాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం దాన్ని చార్జింగ్ పెడుతున్నాను. దాని మీద చిన్న ఎర్ర చుక్క వెలుగుతుంది. తిరిగి ఇస్తే తుడిచి ఇంకొకరి ఛాతీకి అంటిస్తారు. నాలుగేళ్లు ఆమె గుండె చప్పుడు విన్న వస్తువు అది. ఇవ్వలేకపోయాను.

అది బతికే ఉంది కాబట్టి పెట్టెతో ఇంకా మాట్లాడుతోంది. కూలరు తిరిగేటప్పుడు మాత్రమే మాట్లాడుతుంది. ఈ రోజు పెట్టె జాబితా తెరిచాను. బిళ్ళ నంబరు 27. కూలరు నంబరు 27.

శేషఫణి.

మే 18

ఎలా జరిగిందో రాయాలి.

ఇళ్లలోని వస్తువులకు పెట్టె తనంతట తానే నంబర్లు ఇస్తుంది, మారుస్తుంటుంది. కాని మా ఊళ్లో ఎవరూ అలా వదలరు. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే దానికి పసుపు బొట్టు పెట్టి, ఇంటావిడ చేత ఒక నంబరు చెప్పించి, యజమాని దాన్ని స్థిరంగా రాసి పెడతాడు. దిగిన కొత్తలో మొదలైన ఆనవాయితీ. ఆవిడ చెప్పిన నంబరైతే వస్తువు మన్నుతుందని నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, నంబరు ఇచ్చేముందు ఈ పుస్తకంలో రాయాలన్నది నియమం. రెండు వస్తువులకు ఒకటే పడకుండా ఉండేందుకు.

నాలుగేళ్ల కిందట బిళ్ళ అంటించిన రోజు హైమ ఆరోగ్య గదిలో పడుకుని ఉంది. స్పృహ పూర్తిగా లేదు. నర్సు నంబరు అడిగింది. హైమను అడగడానికి లేదు. 27 అని చెప్పాను. మా పెళ్లి ఫిబ్రవరి ఇరవై ఏడున. ఇంటికి వచ్చాక హైమకు ఆ మాట చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. పుస్తకంలోనూ రాయలేదు.

ఈ ఫిబ్రవరిలో కూలరు తెచ్చాను. వేసవి వస్తోంది, వెనక గది తనకు పడదని. హైమ బొట్టు పెట్టింది. నంబరు చెప్పమన్నాను. ఆలోచించకుండా ఇరవై ఏడు అంది. నవ్వింది.

పెట్టె నన్ను అడిగింది. ఈ నంబరు ముందే ఉంది, అయినా ఇవ్వాలా అని. పాత కూలరు తాలూకు ఆనవాలు మిగిలిపోయి ఉంటుందనుకున్నాను. చూడలేదు. ఇవ్వమని నొక్కాను.

హైమ వెనక నుంచి అడిగింది: "పుస్తకంలో రాశారా?"

"తర్వాత రాస్తాలే."

"ఊరందరికీ రాయమని చెప్పే సారు, సొంతింట్లో మాత్రం రాయడు. మీ స్టూడెంట్లకు చెప్తానుండండి."

అప్పుడు రాసి ఉంటే పాత పేజీలు తిప్పేవాణ్ణి. బిళ్ళకు నంబరు రాసి లేదని గమనించేవాణ్ణి. అప్పుడు గుర్తొచ్చేది. రాయడానికి నిమిషం పట్టేది.

మార్చి అయ్యేదాకా గది చల్లగానే ఉంది, కూలరు తిరగలేదు. ఏప్రిల్ రెండో వారంలో గది మొదటిసారి ముప్పై నాలుగు దాటింది. నా మొదటి ఫిర్యాదు ఏప్రిల్ 10.

ఒక విషయం స్పష్టంగా ఉండాలి. ఆ నంబరు చెప్పింది హైమ. తప్పు చేసింది నేను. ఎవరూ మొదటి వాక్యం చదివి అక్కడే ఆగకూడదు.

శేషఫణి.

మే 19

నెట్ లేనప్పుడు బిళ్ళ విన్నది తనలోనే దాచుకుంటుంది. నా దగ్గర కాలేజీ పరికరం ఉంది. ఈ ఉదయం కూలరు తీసేసి, బిళ్ళను చదివాను.

మే 2. 1.54 వరకు సరిగానే ఉంది. 2.08కి గుండె తాళం తప్పింది. 2.09కి బిళ్ళ మొదటిసారి ఆరోగ్య గదిని పిలిచింది. దారి లేదు. 2.11కి మళ్లీ. అలా పదకొండుసార్లు. చివరి పిలుపు 2.24. ఆ తర్వాత పిలవడానికి దానికి కారణం లేకపోయింది.

పదహారు నిమిషాలు. ఆరు నిమిషాల్లో మనిషి వస్తాడు.

ఇక ఇంకొక సవరణ. మే 2న "పచ్చ దీపం పసుపుగా మారింది" అని రాశాను. ఎవరు చూశారో రాయలేదు. నేను చూశాను. మారుతున్నప్పుడే చూశాను. ముందు గదిలో రాసుకుంటున్నానని రాశాను. ఏం రాస్తున్నానో రాయలేదు. అప్పటిదాకా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. దీపం మారగానే వాటిని పక్కన పెట్టి, మద్దిలేటి మీద నాలుగో ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. నెట్ లేదు కాబట్టి కాగితం మీద రాశాను. మంచి వాక్యాల కోసం రెండుసార్లు చింపి మళ్లీ రాశాను. "బాధ్యత తెలియని మనిషి" అనే మాట దగ్గర చాలాసేపు ఆగాను. పూర్తయ్యాక అలవాటు కొద్దీ కింద సమయం వేశాను. 2.24.

అడ్డగోడ అవతల, పది అడుగుల దూరంలో తను ఉంది. నెట్ పోతే బిళ్ళ పని చేయదని తెలుసు. నెట్ పోయినప్పుడు ఒకసారి గదిలోకి తొంగి చూడమని ఆరోగ్య గదివాళ్లు నాలుగేళ్ల కిందటే చెప్పారు. ఏప్రిల్‌లో మొదటి రెండుసార్లు చూశాను. ఒకసారి తను మేలుకునే ఉంది. "పోలేదు లెండి, ఇక్కడే ఉన్నా" అంది. ఆ తర్వాత చూడడం మానేశాను. కోపం మీద ఉండడం తేలిక.

ఆ ఫిర్యాదు ఇప్పుడు విచారణాధికారి దగ్గర ఉంది. దాని మీద సమయం ఉంది. బిళ్ళలో సమయం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఎవరూ ఇంకా చూడలేదు.

శేషఫణి.

మే 20

నిన్న సాయంత్రం పెట్టె ముందు కూర్చున్నాను. కూలరు నంబరు 28 చేస్తే చాలు. రెండు అంకెలు నొక్కే పని. గొడవ ఉండదు. జాబితాలో జాడ ఉండదు. మద్దిలేటి పోయాక లోపం పోయిందని నేను ఇచ్చిన సాక్ష్యం నిజమైనట్టే కనిపిస్తుంది. ఈ పుస్తకం ఉంది, నిజమే. పేజీలకు నంబర్లున్నాయి, చింపితే తెలుస్తుంది. కాని వంటింట్లో పొయ్యి ఉంది. పుస్తకం కాలిపోయిందని చెబితే భార్య పోయిన మనిషిని ఎవరూ గట్టిగా అడగరు. ఇదంతా ఆలోచించాను. ఆలోచించినందుకు కూడా సంతకం పెడుతున్నాను.

ఈ రోజు పదకొండు గంటలప్పుడు ఖాసింబీ వచ్చింది. తొమ్మిదో వరసలో చుట్టాలింటికి వెళ్లి వచ్చిందట. నేను అడగకుండానే మద్దిలేటి ఇంటి సంగతి చెప్పింది. సామాన్లు గోనెసంచుల్లో కట్టి పెట్టారట.

"ముసలామె మెట్లెక్కడం అలవాటు చేసుకుంటాంది సార్. పైకి పోవాల్సి వస్తే కొడుకు మీద బరువు పడొద్దని. మొన్న పది మెట్లెక్కిందంట. నిన్న పద్నాలుగు. పైకి నాలుగు వందల మెట్లు. ఎప్పటికి ఎక్కుతాది ఆమె?"

నేను ఈ పుస్తకం ఆమె చేతికిచ్చాను. చదువుకోమన్నాను. ఆమె గుమ్మంలో కూర్చుని, వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చదివింది. చాలాసేపు పట్టింది. 18వ తేదీ దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. 19వ తేదీ చదివాక పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"అక్క నాకు చెప్పింది సార్ ఆ నంబరు సంగతి. మా సారుకు పెళ్లిరోజు గుర్తుండదు, కూలరుకు పెట్టిచ్చినా, ఇంగ రోజూ చూసుకోవాల్సిందే అని నవ్వింది."

నాకు గుర్తుందని చెప్పాను. నాలుగేళ్ల ముందే ఆమె బిళ్ళకు పెట్టానని చెప్పాను.

"మరి చెప్పకపోతిరి ఆమెకు."

అది అడిగినట్టు లేదు. ఆమె లేచి పుస్తకం నా చేతిలో పెట్టింది. ఆ రోజు తీసుకోకుండా వదిలేసిన చీరల మూట చంకన పెట్టుకుంది.

"నేను మిమ్మల్ని తిట్టను. తిడితే మీకు తేలికైతాది. రేపు పొద్దున ఏం జేస్తారో అది చేయండి. చేసినాక వచ్చి అన్నం తినండి, గోడ అవతలే ఉంటా."

ఆమె వెళ్లాక చేసినవి రాస్తున్నాను. కూలరు నంబరు మార్చలేదు. విచారణాధికారి వచ్చి తన కళ్లతో జాబితా చూసేదాకా పెట్టెను ఎవరూ ముట్టుకోకూడదని ఆమెకు, ఆరోగ్య గదికి రాశాను. మే 14న పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాశాను. ఎందుకో రేపు ఎదురుగా చెబుతానన్నాను. తప్పు నాదని తేలితే నన్ను పైకి పంపవచ్చు. పాఠం చెప్పే అర్హత తీసేయవచ్చు. ఆ రెండింటికీ అభ్యంతరం లేదని ఇక్కడే రాస్తున్నాను, రేపు ధైర్యం తగ్గినా ఇది ఉంటుంది.

2.02కి గది ముప్పై నాలుగు దాటింది. కూలరు తిరిగింది. దీపం పసుపుగా మారింది. కుర్చీలోంచి లేచి వెనక గదిలోకి వెళ్లి చూశాను. మంచం ఖాళీగా ఉంది. పళ్లెం వెనక దీపం వెలుగుతోంది. 3.35కి పచ్చ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం బిళ్ళను చార్జింగ్ పెట్టాను. రేపు దాన్ని వాళ్లు చదవాలి. నేను పెట్టడం ఇదే చివరిసారి.

రేపు ఉదయం ఐదున్నరకు బయలుదేరి తొమ్మిదో వరసకు దిగుతాను. ముసలామె మెట్ల దగ్గరికి రాకముందే వెళ్లాలి. మద్దిలేటి గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఇంట్లో చూసుకున్నానని, లోపం దగ్గర కొసలోనే ఉందని ముందు అతనికి చెబుతాను. గోనెసంచులు విప్పమంటాను. తర్వాత ఏడు గంటలకు ఈ పుస్తకం, బిళ్ళ తీసుకుని అతనితో కలిసి విచారణకు వెళతాను.

శేషఫణి, నాలుగో వరస, పదహారో ఇల్లు.